చెట్ల పని ఎక్కడ మొదలుపెట్టాలి, కొట్టిన కట్టెలు ఇంట్లో ఎలా దాచుకోవాలి

తమ్ముడూ, నువ్వు అడిగింది రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, తీరిగ్గా చదువు. నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. చెట్ల పని నేర్చుకుని దాన్నే బతుకుతెరువు చేసుకోవాలని ఉంది, 16 అంగుళాల బార్ (గొలుసు తిరిగే పొడుగాటి పలక) ఉన్న పెట్రోల్ చైన్ సా ఒకటి కొనేశావు, ఇంటి వెనక రెండు చెట్లున్నాయి, ఒకటి పచ్చిది నిటారుగా ఉంది, రెండోది ఎండిపోయి కరెంటు తీగల వైపు వాలింది, రెండూ నువ్వే కొట్టేసి ఆ కట్టెలన్నీ ఇంట్లో ఖాళీగా ఉన్న గదిలో పేర్చేద్దాం అనుకుంటున్నావు. ముందే చెప్తున్నా, ఎండు చెట్టు జోలికి నువ్వు వెళ్ళొద్దు, పచ్చి కట్టెలు గదిలోకి వద్దు. మిగతాదంతా మాట్లాడుకుందాం.

నేను ఈ పనిలోకొచ్చి 19 ఏళ్ళయింది. మొదటి ఆరు నెలలు మా మేస్త్రి నా చేతికి రంపం ఇవ్వలేదు. కొమ్మలు లాగడం, దుంగలు దొర్లించడం, తాడు పట్టుకోవడం, పొట్టు ఊడవడం, ఇదే పని. నాకు మండిపోయేది. కానీ ఆయన ప్రతి కోతకి ముందు నన్ను పిలిచి "ఇది ఎటు పోద్ది చెప్పు" అని అడిగేవాడు, నేను ఏదో చెప్పేవాణ్ణి, కోశాక అది ఇంకో వైపు పోయేది. చాలా రోజుల తర్వాత గానీ నాకు ఎక్కలేదు, ఈ పనిలో కోయడం పదో వంతు, బరువు ఎక్కడుందో కనిపెట్టడం తొమ్మిది వంతులు అని. రంపం పట్టడం ఎవరికైనా వారంలో వస్తది, బరువు చదవడం రాదు. కాబట్టి నువ్వు చేయాల్సిన మొదటి పని ఏంటంటే ఈ పని చేసే మంచి జట్టు ఒకటి చూసుకుని కింద పనివాడిగా చేరు, కనీసం ఒక సీజన్. ఎవరి దగ్గర చేరాలో ఎలా తెలుస్తది అంటావా, వాళ్ళు హెల్మెట్ పెట్టుకుంటారా లేదా, చెట్టెక్కినవాడు రంపం స్టార్ట్ చేసేముందు తనని రెండు చోట్ల కట్టుకుంటాడా లేదా, రెండే చూడు. లేదంటే వాళ్ళ దగ్గర నేర్చుకునేది కూడా తప్పే.

చెట్టు చూడటం గురించి ఒక చిట్కా. వాలు అనేది దగ్గర్నుంచి కనపడదు. ఒక తాడుకి రాయి కట్టి చేత్తో వేలాడదీసి, చెట్టుకి దూరంగా నిలబడి ఆ తాడుని కాండంతో పోల్చి చూడు, తర్వాత పక్కకి నడిచి అడ్డంగా ఇంకో వైపు నుంచీ అలాగే చూడు. ఒక పక్క నుంచి నిటారుగా కనపడ్డ చెట్టు రెండో పక్క నుంచి చూస్తే చక్కగా వాలి ఉంటది. ఇంకోటి, కాండం ఇటు వాలినా కొమ్మల బరువంతా అటు ఉండొచ్చు, అప్పుడు కొమ్మలదే పైచేయి. మొదట్లో పుట్టగొడుగులు మొలిచాయా, తొర్ర ఉందా, గొడ్డలి వెనక వైపుతో కొడితే డొల్ల శబ్దం వస్తోందా, పంగ దగ్గర చీలిక ఉందా, పైన విరిగి చిక్కుకున్న ఎండు కొమ్మ ఉందా, ఇవన్నీ రంపం బయటికి తీయకముందు చూసేవి. అలా పైన చిక్కుకున్న కొమ్మలు చాలామందిని చంపాయి, నీ రంపం అదురుకే అవి ఊడి నీ నెత్తి మీద పడతాయి. చాలా చోట్ల చెట్టు కొట్టాలంటే అనుమతి కూడా కావాలి, ఇంటి వెనకదే కదా అనుకోకు, కనుక్కో.

రంపం అన్నావు కాబట్టి సామాను సంగతి. రంపం కొన్నావు సరే, ఒంటికి ఏం కొన్నావో చెప్పలేదు. వీజర్ (మొహానికి అడ్డంగా ఉండే జాలీ), చెవి కప్పులు ఉన్న హెల్మెట్, చైన్ సా ప్యాంటు, బొటనవేలు దగ్గర ఇనుప టోపీ ఉన్న బూట్లు, గ్లవ్స్. డబ్బులు చాలకపోతే చిన్న రంపం కొను గానీ ఇవి మానొద్దు. చైన్ సా శబ్దం 100 డెసిబెల్స్ దాటిపోద్ది, 85 దగ్గరే రోజంతా వింటే చెవులు పాడవుతాయి, నా ఎడమ చెవిలో ఇప్పటికీ ఈల మోగుతూనే ఉంటది, మొదటి రెండేళ్ళు చెవులకి దూది పెట్టుకుని తిరిగిన పుణ్యం. ఇక ప్యాంటు విషయంలో చాలామందికి అపోహ ఉంది, అదేదో గొలుసు తెగని గట్టి గుడ్డ అనుకుంటారు. కాదు. లోపల పొడుగాటి దారాల పొరలుంటాయి, గొలుసు తగలగానే ఆ దారాలు బయటికి లాక్కొచ్చి గొలుసుని తిప్పే పళ్ళ చక్రానికి (స్ప్రాకెట్‌కి) చుట్టుకుని రంపాన్ని ఆపేస్తాయి. గొలుసు సెకనుకి సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుద్ది, ప్యాంట్లకి క్లాస్ 1 అంటే 20 మీటర్లకి, క్లాస్ 2 అంటే 24 మీటర్లకి టెస్ట్ చేసినట్టు. ఒకసారి గొలుసు తగిలిన ప్యాంటు మళ్ళీ పనికిరాదు, కుట్టించుకుని వేసుకునేవాళ్ళని చూశాను, ఆ కుట్టు దారాల్ని బిగించేసి లోపలి పొరని పనికిరాకుండా చేసిద్ది.

చైన్ సా విషయంలో అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది కిక్‌బ్యాక్. బార్ ముక్కు పై సగం ఏదైనా కట్టెకి తగిలితే రంపం కన్ను మూసి తెరిచేలోపు నీ మొహం మీదికి లేస్తది, నీ చేతి బలంతో ఆపడం కుదరదు, అంత టైం ఉండదు. అందుకే ఎడమ బొటనవేలు ముందు హ్యాండిల్ కిందుగా చుట్టి ఉండాలి, మొహం బార్ వరసలో ఉండకూడదు, భుజం ఎత్తుకి పైన కోయకూడదు, నిచ్చెన మీద నిలబడి అసలు కోయకూడదు, ఒంటి చేత్తో పట్టుకోకూడదు. రోజూ పని మొదలెట్టేముందు చైన్ బ్రేక్ (గొలుసుని టక్కున ఆపేసేది) పనిచేస్తోందో లేదో చూడు. రెండడుగుల కన్నా ఎక్కువ నడవాలంటే బ్రేక్ వేసి నడువు. నిచ్చెన మాట వినగానే "ఒక్క కొమ్మే కదా అన్నా" అంటారు, ఆ ఒక్క కొమ్మ పడుతూ పడుతూ నిచ్చెననే కొడుద్ది. ఏటవాలుగా ఉన్న పచ్చి కొమ్మ బరువు ఊడగానే మిగిలిన మొదలు పైకి లేస్తది, దానికి ఆనించిన నిచ్చెన గాల్లో ఉంటది, నువ్వు రంపంతో సహా కింద ఉంటావు.

పదును. కొత్తవాళ్ళు రంపం పట్టడం నేర్చుకుంటారు, పదును పెట్టడం నేర్చుకోరు, అందుకే అలిసిపోయి తప్పులు చేస్తారు. పదునున్న గొలుసు చిన్న చిన్న పేళ్ళు కక్కుద్ది, పదును పోయిన గొలుసు పిండిలాంటి పొట్టు కక్కుద్ది, నువ్వు నొక్కితే గానీ దిగదు. ఇది చాలు తెలుసుకోడానికి. గుండ్రటి ఆకురాయి సైజు గొలుసుని బట్టి ఉంటది, చిన్న రంపాల్లో ఎక్కువగా వచ్చే 3/8 అంగుళాల పిచ్ (గొలుసు కీళ్ళ మధ్య దూరం) ఉన్న "లో ప్రొఫైల్" రకం గొలుసుకి 4 మిల్లీమీటర్లు, 0.325 అంగుళాల పిచ్ దానికి 4.8. నీది ఏదో బార్ మీద రాసుంటది. కోణం మామూలుగా 30 డిగ్రీలు, లోపల్నుంచి బయటికి ఒకే దిక్కుగా రుద్దాలి, ప్రతి పంటికీ అన్నే రుద్దులు, లేకపోతే రంపం ఒక పక్కకి వంకరగా కోస్తది. పన్ను ముందుండే డెప్త్ గేజ్ పంటి కన్నా 0.65 మిల్లీమీటర్లు తగ్గి ఉంటే చాలు, బాగా కోయాలని దాన్ని ఎక్కువ అరగదీస్తే రంపం గుర్రంలా ఎగురుద్ది, కిక్‌బ్యాకూ పెరుగుద్ది. పెట్రోల్‌లో టూ స్ట్రోక్ ఆయిల్ చాలా రంపాలకి 50కి 1, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, నీ రంపం పుస్తకంలో వేరే ఉంటే అదే ఫాలో అవ్వు. ఒకటి రెండు నెలలు నిలవున్న మిక్సు పోయకు. బార్ ఆయిల్ వేరు, అది మర్చిపోతే గంటలో బార్ నీలం రంగుకి తిరిగిద్ది.

ఇప్పుడు కోత. నిలబడ్డ చెట్టుతో మొదలెట్టొద్దు, పడి ఉన్న దుంగలతో మొదలెట్టు. పడిపోయింది కదా ఇంకేం ప్రమాదం అనుకుంటావు, నా మోకాలు పోయింది పడిన చెట్టు దగ్గరే. రెండు చివర్లా ఆనుకుని మధ్యలో గాల్లో ఉన్న దుంగ అయితే పై భాగం నొక్కుకుని ఉంటది, కింది భాగం లాగబడి ఉంటది. పైనుంచి అలాగే కోసుకుంటూ పోతే బార్ ఇరుక్కుపోద్ది. కాబట్టి నొక్కుకున్న వైపు నుంచి మందంలో మూడో వంతు లోపు కోసి, తర్వాత లాగబడ్డ వైపు నుంచి నెమ్మదిగా కోసి కలుపు. ఒక చివరే ఆనుకుని రెండోది గాల్లో వేలాడితే దీనికి రివర్స్. నేను చేసిందేంటంటే, పడిపోయిన చెట్టు కింద ఒక చిన్న కొమ్మ విల్లులా వంగి ఇరుక్కుని ఉంది, నా చేతి మణికట్టు మందం కూడా లేదు, చిన్నదే కదా అని లాగబడ్డ వైపు నుంచి ఒక్క దెబ్బకి కోసేశా. అది వచ్చి మోకాలి పక్కన కొట్టింది. మూడు నెలలు పని లేదు. అలాంటివాటిని ఒక్కసారిగా తెంపకూడదు, వంపు లోపలి వైపు కొద్ది కొద్దిగా గీరుతూ బిగువు వదిలించాలి, పక్కన నిలబడి.

బరువు అంటే ఎంతో ఒక లెక్క చెప్తా చూడు. 40 సెంటీమీటర్ల మందం, మీటర్ పొడుగున్న పచ్చి దుంగ గట్టి జాతి చెట్టుదైతే 100 నుంచి 125 కిలోలుంటది. నీ ఇంటి వెనక చెట్టు అలాంటివి ఎన్ని మీటర్లుందో లెక్కేసుకో, కొమ్మలు కాకుండానే.

పచ్చి చెట్టు నిటారుగా ఉంది, చుట్టూ ఖాళీ ఉంది అన్నావు కాబట్టి, అనుభవం ఉన్నవాణ్ణి పక్కన పెట్టుకుని నువ్వు నేర్చుకోవచ్చు. ఒక్కడివే వద్దు. చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో ఎవరూ ఉండకూడదు, కోసేవాడు, పక్కనున్నవాడు తప్ప. ముందు పారిపోయే దారి శుభ్రం చేసుకో, చెట్టు పడే దిక్కుకి సరిగ్గా వెనక కాదు, వెనక నుంచి 45 డిగ్రీలు పక్కకి, రెండు వైపులా. తర్వాత పడాల్సిన వైపు నోరు తెరిచినట్టు గాటు పెట్టాలి, లోతు మందంలో అయిదో వంతు నుంచి నాలుగో వంతు, నోరు 70 డిగ్రీలు లేదా అంతకన్నా విశాలంగా ఉంటే మంచిది, ఇరుగ్గా ఉంటే చెట్టు సగం వాలాక నోరు మూసుకుపోయి అక్కడ మనం తెంపకుండా వదిలే కట్టె తెగిపోద్ది, ఆ తర్వాత అది ఎటు పోద్దో దానికే తెలీదు. ఆ నోటి పై కోత, కింది కోత రెండూ సరిగ్గా ఒక గీత మీద కలవాలి, ఒకటి దాటి లోపలికి పోకూడదు. తర్వాత వెనక నుంచి కోత. ఈ వెనక కోతలోనే అందరూ చేసే తప్పు, మొత్తం తెంపేస్తారు. తెంపకూడదు. మధ్యలో మందంలో పదో వంతు కట్టె మిగలాలి, 40 సెంటీమీటర్ల చెట్టుకి 4 సెంటీమీటర్లు, రెండు చివర్లా ఒకే మందం. తలుపుకి బందు ఎలాగో చెట్టుకి అది అలాగ, చెట్టుని నడిపించేది అదే, నీ చేతులు కాదు, తాడు కూడా కాదు. కోత కొంచెం లోపలికి పోగానే వెనక ప్లాస్టిక్ వెడ్జ్, అంటే ఒక చివర పల్చగా ఉండే ఆపు ముక్క, దించి పెట్టుకో, గాలికి చెట్టు వెనక్కి కూర్చున్నా బార్ ఇరుక్కోదు. ఇనుప వెడ్జ్ వద్దు, గొలుసు తగిలితే పళ్ళు పోతాయి. చెట్టు కదలడం మొదలైందా, రంపం వదిలేసైనా సరే నువ్వు అనుకున్న దారిలో వెళ్ళిపో, చూస్తూ నిలబడొద్దు, మొదలు ఎగిరి వెనక్కి తన్నొచ్చు.

బాగా ముందుకి వాలిన చెట్టుని ఇలా మామూలుగా వెనక నుంచి కోయొద్దు, సగం కోశాక కాండం నిలువునా చీలి వెనక చీలిక గుర్రం కాలులా తన్నుద్ది. దానికి మధ్యలోంచి పొడిచి కోసే పద్ధతి వేరే ఉంది, అది చూసి నేర్చుకోవాల్సిందే గానీ చదివి కాదు. అలాగే పడుతూ పడుతూ ఇంకో చెట్టు మీద చిక్కుకుంటే దాని కిందకి వెళ్ళడం, ఆపిన చెట్టుని కోయడం, పైకెక్కడం, మూడూ చేయకూడదు. తాడుతోనో మెషీన్‌తోనో దూరం నుంచి లాగాలి. లాగలేకపోతే ఎవరూ అటు రాకుండా తాడు కట్టి మనిషిని పిలువు.

ఎక్కడం గురించి ఇప్పుడే ఎక్కువ చెప్పను. అదంతా వేరే చదువు. తాడు మీద జారి బిగిసే ముడి, 1931లో కార్ల్ ప్రూసిక్ అనే ఆస్ట్రియా పర్వతారోహకుడు పరిచయం చేసింది, దాని వారసులతోనే ఇవాళ్టికీ చెట్లెక్కుతున్నాం. ఆ ముడి ఇంట్లో కూర్చుని వంద సార్లు వేసి విప్పు, ఈలోపు నష్టం లేదు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకో, కింద నిన్ను దించగలిగినవాడు లేకుండా ఎవరూ పైకి వెళ్ళకూడదు. స్పృహ తప్పి హార్నెస్‌లో (ఒంటికి కట్టుకునే పట్టీల్లో) కదలకుండా వేలాడితే నిమిషాల్లోనే ప్రాణం మీదికొస్తది, ఫోన్ చేసి ఎవరో వచ్చేదాకా ఆగడం కుదరదు.

కొమ్మలు నరకడం నీకు మొదట్లో ఎక్కువ వచ్చే పని, చెట్లు పడగొట్టడం కాదు. కొమ్మ మొదట్లో చిన్న మెడపట్టీలా ఉబ్బుగా ఉంటది, దాన్ని కోయకూడదు, దాని బయటే కోయాలి. ముందు కాండానికి అడుగు దూరంలో కింద నుంచి మూడో వంతు గాటు, ఇంకాస్త బయట పైనుంచి కోత, బరువు పోయాక చివరి కోత ఆ ఉబ్బు పక్కన. ఇలా కాకుండా పైనుంచి ఒకేసారి కోస్తే కొమ్మ పడుతూ బెరడుని కాండం పొడుగునా చీల్చుకుని పోద్ది. అమెరికా ఫారెస్ట్ సర్వీస్‌లో పనిచేసిన అలెక్స్ షైగో అనే ఆయన వేల చెట్లని చైన్ సాతో నిలువునా కోసి లోపల కుళ్ళు ఎలా పాకుద్దో చూశాడు, 1977లో ఆయన చెప్పిందేంటంటే చెట్టు మనలాగా గాయాన్ని మాన్చుకోదు, చుట్టూ గోడలు కట్టి కుళ్ళుని లోపలే బంధించేస్తది. ఆ గోడ కట్టే చోటు ఆ ఉబ్బు దగ్గరే. అది కోసేస్తే గోడ లేదు. కోసిన చోట పెయింటు పూయమని చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు, దాంతో కుళ్ళు ఆగదు. చెట్టు తల మొత్తం నరికి మోడు చేయమని అడిగేవాళ్ళకి నేను ఒప్పుకోను, అక్కడ గుబురుగా వచ్చే కొత్త కొమ్మలకి లోపల పట్టు ఉండదు, కొన్నేళ్ళకి అవే విరిగి పడతాయి.

సరే కట్టెల దగ్గరికొద్దాం. చెట్టు కొట్టేదాకా బరువుతో గొడవ, కొట్టాక నీళ్ళతో గొడవ. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్ళే ఉండొచ్చు. గట్టి జాతి పచ్చి కట్టె ఒక ఘన మీటర్ పేర్పు ఆరేసరికి అందులోంచి 200 లీటర్ల దాకా నీళ్ళు బయటికి పోవాలి. నువ్వు అవన్నీ తీసుకెళ్ళి కిటికీ మూసిన గదిలో పేరిస్తే ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? నీ గోడల్లోకి, నీ బట్టల్లోకి, బూజు కింద నీ ఊపిరితిత్తుల్లోకి. అందుకే మొదట్లోనే గది వద్దన్నా. గది చివరికి, బయట ముందు.

నీళ్ళు కట్టెలోంచి ఎలా పోతాయో తెలిస్తే మిగతాదంతా నీకే తడుద్ది. చెట్టు బతికున్నప్పుడు నీళ్ళు కాండంలో నిలువుగా ఎక్కుతాయి కదా, ఎండేటప్పుడూ ఆ గొట్టాల్లోంచే ఎక్కువ పోతాయి, అంటే కోసిన రెండు చివర్ల నుంచి, పక్కల నుంచి పోయేదానికి పది పదిహేను రెట్లు వేగంగా. బెరడు నీళ్ళని పోనివ్వదు, దాని పనే అది. కాబట్టి పొడుగు దుంగ బెరడుతో ఉంచితే రెండేళ్ళకీ ఎండదు, లోపల కుళ్ళుద్ది. పొట్టిగా కోయాలి, చీల్చాలి. పొడుగు 30 నుంచి 35 సెంటీమీటర్లు, నీ పొయ్యి లోతు కన్నా కొంచెం తక్కువ, మందం 8 నుంచి 15. కొట్టిన వారంలోనే చీల్చేయి, నిలువు పోగులున్న చెట్లు చాలావరకు పచ్చిగా ఉన్నప్పుడే బాగా చీలతాయి.

చీల్చడానికి పదునైన పల్చటి గొడ్డలి వాడకు, అది దిగి కూర్చుంటది, లాగలేక చస్తావు. బొద్దుగా వెడల్పుగా ఉండే రెండున్నర మూడు కిలోల చీల్చే గొడ్డలి వేరే ఉంటది, అది కోయదు, విడగొడుద్ది. కింద వెడల్పాటి మొద్దు ఒకటి వేసుకో, మోకాలి ఎత్తుకి మించకుండా. దుంగ మీద ఇప్పటికే ఉన్న పగుళ్ళు చూసి వాటి వెంటే కొట్టు, పెద్ద దుంగని నడిమధ్య కాకుండా అంచుల నుంచి రేకులు రేకులుగా విడగొట్టు. ముడులున్న చోట, పంగ దగ్గర కొట్టి కొట్టి భుజాలు పోగొట్టుకోకు, అవి పక్కన పడెయ్, రంపంతో కోసుకోవచ్చు. చింత, నీలగిరి లాంటివి పోగులు మెలిపడి ఉంటాయి, వాటితో పౌరుషానికి పోవద్దు. పాత టైరు ఒకటి మొద్దు మీద పెట్టి అందులో దుంగ నిలబెట్టి కొడితే ముక్కలు ఎగిరిపోవు, ప్రతిసారీ వంగి ఏరుకునే పనుండదు, ఇది నాకు నడుం నొప్పి నేర్పింది. గొడ్డలి తల వెనక సమ్మెటతో కొట్టొద్దు, ఇనుప రవ్వ ఎగిరి కంట్లో పడ్డవాళ్ళున్నారు.

పేర్చడం. నేల మీద నేరుగా వద్దు, కింద చెక్క ప్యాలెట్లో, రెండు వరసల రాళ్ళ మీద పొడుగు కర్రలో వేసుకో, జానెడు ఎత్తు ఉంటే గాలి ఆడుద్ది, చెదలు ఎక్కుతుంటే కంటికి కనపడుద్ది. గాలి తగిలే చోట, ఎండ ఉంటే ఇంకా మంచిది, ఒక్క వరసగా అయితే త్వరగా ఎండుద్ది, రెండు మూడు వరసలు వేస్తే మధ్యలో చెయ్యి దూరేంత సందు వదులు. చివర్లలో ఒకటి అడ్డం ఒకటి నిలువుగా గూడులా పేరిస్తే పక్కకి ఒరగదు. నడుం ఎత్తు దాటి, మహా అయితే ఛాతీ దాకా, ఆపైన వద్దు, పిల్లలు ఎక్కుతారు, పేర్పు కూలితే ఒక్కొక్కటీ రెండు కిలోల రాయే. ఇంటి గోడకి ఆనించకు, చెదలకి నువ్వే వంతెన వేసినట్టు.

కప్పడం దగ్గర నేను చేసిన వెర్రి పని చెప్తా. మొదటి ఏడు మంచి గట్టి కట్టె కష్టపడి చీల్చి పేర్చి, వాన పడుద్దని టార్పాలిన్‌తో నాలుగు పక్కలా కింద దాకా చుట్టేసి తాళ్ళతో కట్టేశా, బహుమతి ప్యాకింగ్ లాగా. నాలుగు నెలల తర్వాత విప్పితే ఆవిరి వాసన, తెల్ల బూజు, కింది వరసలో పుట్టగొడుగులు. లోపల్నుంచి వచ్చే నీళ్ళకి నేనే దారి మూసేశా. పైన మాత్రమే కప్పాలి, రేకో షీటో, అంచులు జానెడు బయటికి వస్తే చాలు, పక్కలు వదిలెయ్. పక్క నుంచి వాన జల్లు తడిపినా రెండు రోజుల్లో ఆరిపోద్ది, అది పైపై తడి. బెరడు పైకా కిందకా అని వాదించుకునేవాళ్ళున్నారు, పైన కప్పు ఉంటే ఏదైనా ఒకటే, కప్పు లేకపోతే పై వరస బెరడు పైకి పెట్టు.

ఎంత కాలం అంటే, తేలిక జాతులు ఆరు నెలల నుంచి ఏడాది, గట్టి జాతులు ఏడాది నుంచి రెండేళ్ళు, వాతావరణాన్ని బట్టి మారుద్ది. క్యాలెండర్ని నమ్మకు, కట్టెని చూడు. చివర్లలో నడిమధ్య నుంచి బయటికి పగుళ్ళు వస్తాయి, తేమ 30 శాతం కిందికి పడ్డాకే కట్టె ముడుచుకోవడం మొదలవుద్ది కాబట్టి పగుళ్ళు మంచి గుర్తే, కాకపోతే చివర్లు ముందు ఎండుతాయి, లోపల ఇంకా పచ్చిగా ఉండొచ్చు. రెండు కట్టెలు కొట్టి చూస్తే ఎండినవి ఖణేల్ మంటాయి, పచ్చివి దబ్ మంటాయి. బెరడు ఊడొస్తది, చేతికి తేలిగ్గా ఉంటది. అన్నిటికన్నా నమ్మకం తేమ మీటరు, చిన్నది చాలు, కానీ దాన్ని చివర్లో గుచ్చి 15 వచ్చింది అని మురిసిపోవద్దు, ఒక కట్టెని అప్పటికప్పుడు చీల్చి లోపలి కొత్త ముఖం మీద గుచ్చు. 20 కన్నా తక్కువ వస్తే కాల్చుకోవచ్చు. మీటరు లేకపోతే ఒక ముక్క మీద గుర్తు పెట్టి నెలకోసారి తూకం వెయ్యి, బరువు తగ్గడం ఆగిపోతే ఇక ఆ గాలికి ఎండాల్సినంత ఎండినట్టే.

ఎండకపోతే ఏమవుద్ది, కాలదా అంటావు. కాలుద్ది, నీ డబ్బు కాలుద్ది. బాగా ఎండిన కిలో కట్టెలో సుమారు 4 యూనిట్ల కరెంటుకి సమానమైన వేడి ఉంటది, సగం నీళ్ళున్న పచ్చి కట్టె కిలోలో రెండు యూనిట్ల పైచిలుకే. పైగా మంట చల్లగా ఉండి పొగ ఎక్కువొస్తది, ఆ పొగ పొగగొట్టంలో చల్లబడి నల్లటి జిగురు మసిలా పేరుకుంటది, అది ఒకరోజు అంటుకుంటే పొగగొట్టం లోపల మంటే. గొట్టం ఉన్న పొయ్యి అయితే ఏడాదికోసారన్నా దులిపించు, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకో, ఆ గ్యాస్‌కి రంగూ వాసనా ఉండవు. రంగేసిన చెక్క, ప్లైవుడ్, పురుగు పట్టకుండా మందు పట్టించిన పాత కలప పొయ్యిలో పెట్టొద్దు, కొన్ని పాత మందుల్లో ఆర్సెనిక్ ఉండేది, అది పొగలోనూ బూడిదలోనూ ఉంటది. గన్నేరు కూడా వద్దు, దాని పొగ కూడా విషమే.

ఇక నీ గది. ఎండిన తర్వాత, వారం పది రోజులకి సరిపడా మాత్రమే లోపలికి తెచ్చుకో. ఎక్కువ తెస్తే వెచ్చదనానికి లోపల నిద్రపోతున్న పురుగులు లేచి బయటికొస్తాయి, కట్టె కింద పిండిలాంటి పొడి రాలుతుంటే పుచ్చు పురుగు ఉన్నట్టు, ఆ కట్టె ముందు కాల్చెయ్, నీ తలుపుల దాకా రానివ్వకు. పురుగు చంపే మందు కట్టెల మీద కొట్టొద్దు, అదే తర్వాత పొగలో పీలుస్తావు. పొయ్యికి కనీసం మీటరు దూరం. తెచ్చేటప్పుడు చేతులకి గ్లవ్స్ వేసుకుని పై వరస నుంచి తియ్యి, సందుల్లో వేళ్ళు పెట్టి లాగకు, తేళ్ళకీ పాములకీ కట్టెల పేర్పు కన్నా మంచి ఇల్లు లేదు. పేర్పు మీద సుద్దతో నెల, సంవత్సరం రాసుకో, పాతది ముందు వాడుకో. రంపపు పొట్టు, పచ్చి చెక్క పేళ్ళు గదిలో కుప్ప పోయకు, పెద్ద కుప్పయితే లోపల దానంతటదే వేడెక్కుద్ది, మొక్కల మొదట్లో పల్చగా పరిచెయ్. కట్టె పెల్లెట్లు (పొట్టుని నొక్కి చేసిన గుళికలు) బస్తాల కొద్దీ కొని మూసిన గదిలో పెట్టే ఆలోచన ఉంటే అదీ మానుకో, అవి నిలవలోనే కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి, అలాంటి గోడౌన్లలోకి దిగి చనిపోయినవాళ్ళున్నారు.

మిగిలిన కట్టె దూరంగా ఉన్న చుట్టాలకి పంపుతా అన్నావు, అది కూడా ఆలోచించుకో. అమెరికాలో 2002లో మిషిగన్‌లో మొదటిసారి గుర్తించిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పురుగు యాష్ అనే జాతి చెట్లని కోట్లలో చంపేసింది, అంత దూరాలు అది సొంతంగా ఎగిరి పోలేదు, జనం బండ్లలో వేసుకెళ్ళిన కట్టెల్లో కూర్చుని పోయింది. ఎక్కడ కొట్టింది అక్కడే కాల్చుకోవడం మేలు.

చివరగా ఆ ఎండు చెట్టు. ఎండినది తేలిక అనుకుంటావు, నిజానికి పచ్చిదానికన్నా అదే చెడ్డది, నేను చెప్పిన ఆ బందు దగ్గర పచ్చి కట్టె వంగుద్ది, ఎండు కట్టె వంగదు, పుటుక్కున తెగుద్ది. పైగా వాలింది తీగల మీదికి. చెట్టు తీగకి తగిలితే కాండంలోంచీ కరెంటు వస్తది, పెద్ద లైన్లయితే తగలకుండానే దూకుద్ది. ముందు కరెంటు వాళ్ళకి చెప్పి లైను ఆపించాలి, తర్వాత అనుభవం ఉన్న జట్టు పైనుంచి ముక్కలు ముక్కలుగా తాడుతో దించాలి, చెట్టు ఎక్కడానికి పనికిరాకపోతే బకెట్ ఉన్న బండి తెచ్చుకుంటారు. నువ్వు వాళ్ళని బతిమాలుకుని ఆ రోజు కింద పనివాడిగా నిలబడు. ప్రతి కోతకి ముందు ఇది ఎటు పోద్దో మనసులో అనుకుని తర్వాత చూసుకో. వాళ్ళు దించే తాడు కొస నీ చేతికిస్తే చెట్టు మొదట్లో చుట్టు వేసి పట్టుకో, అరచేతికి మాత్రం చుట్టుకోకు, కాళ్ళ దగ్గర తాడు ఉంగరాలు తిరిగి పడి ఉంటే అందులో అడుగు పెట్టకు.